ఒక్క మనిషి పట్టే సబ్‌మెరీన్‌కు 6 ఎంఎం ప్లేటు సరిపోతుందా?

ములుగు రోడ్డు వెల్డింగ్:
అందరికీ నమస్కారం. వరంగల్‌లో నాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. ట్రాక్టర్ ట్రాలీలు, నీళ్ల ట్యాంకర్లు చేస్తాం. వైజాగ్ బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా లోపల తిరిగి వచ్చినప్పటి నుంచి సొంతంగా ఒక చిన్న సబ్‌మెరీన్ కట్టాలని పట్టుదలగా ఉంది. 5 మీటర్ల లోతు చాలు. 90 సెంటీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవుతో 6 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు రోలింగ్ చేయించి, రెండు కొసలకూ అదే ప్లేటు గుండ్రంగా కోసి వెల్డింగ్ చేద్దామనుకుంటున్నా. ట్రయల్ పాకాల చెరువులో. తెలిసిన అన్నలు చెప్పండి.

బాయిలర్ ఫిట్టర్, రామగుండం:
తమ్ముడూ, గొట్టం కంటే కొసలతోనే ప్రమాదం. 5 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు అరకిలో ప్రెషర్. వినడానికి తక్కువే, కానీ 90 సెంటీమీటర్ల బిళ్ల మొత్తానికి లెక్కేస్తే మూడు టన్నులు దాటుతుంది. చదును ప్లేటు లోపలికి వంగుతుంది. ట్యాంకర్ల కొసలకు వాడే, గిన్నెలా ఉబ్బిన డిష్ ఎండ్‌లు తెచ్చుకో. గొట్టం లోపల ఎల్ ఆకారపు యాంగిల్‌ను వంచిన రింగులు వెయ్యి. బయటి ప్రెషర్‌కు గొట్టం పగలదు, సొట్టపడి నలిగిపోతుంది. రోలింగ్‌లో గుండ్రం ఎక్కడ తప్పితే అక్కడే మొదలవుతుంది.

ఇనుము కదా, దానంతటదే మునుగుతుందనుకోకు. నీ గొట్టం దాదాపు 1,600 లీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. ప్లేటు బరువు 400 కిలోలే. నువ్వు, బ్యాటరీలు, మోటారు పోను ఇంకా తొమ్మిది వందల కిలోల దాకా అడుగున వేస్తేనే మునిగేది.

సింగరేణి రిటైర్డ్, గోదావరిఖని:
ప్లేటు సంగతి ఆయన చెప్పారు. నేను గాలి గురించి చెబుతా. గనిలో రెస్క్యూ పని చేసినవాణ్ణి కాబట్టి నాకు ముందు కనిపించేది అదే. మూసిన చోట మనిషిని ముందుగా దెబ్బతీసేది ఆక్సిజన్ అయిపోవడం కాదు బిడ్డా, తాను వదిలిన కార్బన్ డయాక్సైడే. కదలకుండా కూర్చున్నా గంటకు 15 నుంచి 20 లీటర్లు వదులుతాం. నీ గొట్టంలో సామాను పోను 1,200 లీటర్ల గాలి మిగిలితే రెండు గంటల్లో అది మూడు శాతానికి చేరుతుంది. తలనొప్పి, ఆయాసం. టెన్షన్ పడితే ఇంకా తొందరగా. ఆక్సిజన్ సిలిండర్ పెట్టినంత మాత్రాన ఇది తగ్గదు. దాన్ని పీల్చుకునే సోడా లైమ్ గుళికలు కావాలి, ఆసుపత్రిలో మత్తిచ్చే మెషీన్లో వాడేవి. చిన్న ఫ్యాన్‌తో లోపలి గాలిని వాటిలోంచి తిప్పాలి. లోపలి గాలిని కొలిచే గ్యాస్ మీటరు లేకుండా దిగొద్దు. బ్యాటరీలు ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతాయి, వాటిని బయట పెట్టే ఛార్జ్ చెయ్యి.

మోటారు ఆగితే ఎట్లా వస్తావు? 60 సెంటీమీటర్ల మూత మీద ఆ లోతులో 1,400 కిలోల బరువుంటుంది. లోపలి నుంచి ఎవరూ నెట్టలేరు. అడుగు బరువులో 100 కిలోల సీసం, లోపల చేత్తో బోల్టు తిప్పితే ఊడిపడేలా బిగించు. కరెంటు మీద ఆధారపడకూడదు. అది వదిలితే 90 కిలోల బలంతో పైకి లేస్తుంది. ఇది లేకుండా నువ్వు దిగుతానంటే నేను ఒప్పుకోను.

నర్సంపేట రైతు:
పాకాల అభయారణ్యం అన్నా, ఫారెస్టోళ్లు ఒప్పుకోరు. ధర్మసాగర్ తాగునీళ్లది. ఏ చెరువైనా తూము దగ్గర నీరు లాగుతుంది. మా దిక్కు వాడకం లేని వ్యవసాయ బావులున్నాయి. 12 మీటర్ల నీళ్లున్నది చూసుకుని, మనిషి లేకుండా, లోపల బరువులేసి హైడ్రా క్రేన్‌తో రెట్టింపు లోతుకు, అంటే 10 మీటర్లకు దించి, తట్టుకుంటుందో లేదో ఒక రాత్రి ఉంచి చూడండి. హైడ్రాను మాత్రం గట్టుకు దూరంగా నిలపండి, పాత బావుల ఒడ్డు జారుతుంది.

ములుగు రోడ్డు వెల్డింగ్:
చాలా థ్యాంక్స్. డిష్ ఎండ్‌లకు ఆర్డర్ ఇస్తున్నా. సీసం బోల్టు డ్రాయింగ్ వేసి ఇక్కడ పెడతా, తప్పులు చూడండి. పెద్దాయనా, సోడా లైమ్ ఎంత పెట్టాలి?

సింగరేణి రిటైర్డ్, గోదావరిఖని:
100 గ్రాములు 10 లీటర్లు పీలుస్తాయని తక్కువకే లెక్కేసుకో. గంటకు 200 గ్రాములు. నువ్వు గంటే ఉంటానన్నా, ఇరుక్కుంటే చాలేలా కిలో పెట్టుకో. బోల్టుకు మర పొడవు తక్కువ ఉండాలి, నాలుగు తిప్పులకే ఊడాలి. డ్రాయింగ్ పెట్టు, చూస్తా.