గల్ఫ్‌కు పోయిన ఊర్లల్ల నాట్లకు మనుషుల్లేరు, డ్రమ్ సీడర్ కుదురుతదా?

రాయికల్ రైతుబిడ్డ:
జగిత్యాల దిక్కు ఇంటికొకలు గల్ఫ్‌లనో హైదరాబాద్‌లనో ఉన్నరు. మగవాళ్లు పోయినా నాట్లు ఆగలే, ఆడవాళ్లు ముఠా కట్టి వేసెటోళ్లు. పిల్లల చదువులకని వాళ్లు గూడ కరీంనగర్ చేరినంక అసలు కష్టం మొదలైంది. బీహార్, బెంగాల్ ముఠాలు గుత్తకు వస్తెనే నాటు. వాళ్లు వారం ఆలస్యమైతే నారు ముదిరిపోతది. అరవై దాటిన ఇద్దరే ఉన్న ఇంట్ల, మూడెకరాలకు డ్రమ్ సీడర్ (మొలకెత్తిన వడ్లను రంధ్రాల డ్రమ్ములల్ల పోసి, బురద మడిల గుంజుకుంట సాళ్లు వేసే పరికరం) పనికొస్తదా? విత్తనం ఎంత? కలుపు ఎట్ల?

మెట్‌పల్లి వరి:
పనికొస్తది అన్నా, నీళ్లు పెట్టుడు తీసుడు మీ చేతుల ఉన్న మడి అయితెనే. నీళ్లు నిలిచే లోతు మడులల్ల వద్దు, మొలక మురిగిపోతది.

సన్నాలకు ఎకరానికి 10-12 కిలోలు చాలు. 24 గంటలు నానబెట్టి, గోనె సంచిల మండె కట్టి ఇంకో 24 గంటలు ఉంచాలె. యాసంగిల చలికి ఇంకో 12 గంటలు పడుతది, సంచి మీద వరిగడ్డి కప్పుండ్రి. ముక్కు పగిలి తెల్లగ కనవడంగనే తీయాలె. వేరు పొడుగైతే గింజలు చిక్కువడి రంధ్రాలల్లకెల్లి రాలవు. వెనకకు సూడకుండ గుంజుకుంట పోతె సాళ్లకు సాళ్లే ఖాళీ. పోసే ముందు అరగంట నీడకు ఆరబెట్టుండ్రి. డ్రమ్ముల మూడింట రెండొంతులే నింపాలె, నిండ నింపితె గింజ కదలదు.

వెల్గటూరు:
విత్తనం కంటే చదునే ముఖ్యం. కరిగట్టు అయినంక బురద పేరుకోనియ్యాలె. మరీ పల్చగుంటె గింజ మునుగుతది, గట్టివడితె అంటుకోదు. గుంజిపోయినంక గింజ సగం పైకి కనవడితె సరిగ్గ ఉన్నట్టు.

కలుపు కాడనే చానమంది ఓడిపోతున్నరు. నాటు పొలంల నారు ముందే పెరిగి ఉంటది, ఇక్కడ ఊద గడ్డి, వరి ఒక్కరోజే మొలుస్తయి. అందుకే గింజ వేసిన 3-5 రోజుల నడుమ పైరజోసల్ఫ్యూరాన్ ఇథైల్ 10 శాతం కలుపు మందు పొడి, ఎకరానికి 80 గ్రాములు, ఇసుకల కలిపి పల్చటి నీటిల చల్లాలె. దాని బదులు ప్రెటిలాక్లోర్ వాడితె సేఫ్‌నర్ (వరి మొలకను కాపాడే మందు) కలిసిందే తీసుకోండ్రి, లేకుంటె వరి మొలక గూడ చస్తది. 15-20 రోజులకు ఊద రెండు మూడు ఆకులమీద ఉండంగ బిస్‌పైరిబాక్ సోడియం కలుపు మందు ఎకరానికి 100 మిల్లీలీటర్లు కొట్టాలె. నీళ్లు తీసి కొట్టి, రెండు రోజులకు మళ్ల పెట్టాలె.

ధర్మపురి గట్టు:
మోకాలి లోతు బురదల డ్రమ్ము గుంజుడు అరవై దాటినోళ్లకు అయ్యే పని కాదు. ఒక్క రోజుకు ఒక పిలగాన్ని కిరాయికి వెట్టుండ్రి, నాటు ముఠా గుత్తతోటి పోలిస్తె అది తక్కువే. ముందుగాల ఒక్క ఎకరంలనే చేసి సూడుండ్రి. పెద్ద వాన సూచన ఉన్ననాడు అసలే వద్దు, మొలకెత్తిన గింజ కొట్టుకపోయి ఒక మూలకు కుప్పవడుతది.

ఇంకోటి. పంట వారం పది రోజులు ముందు కోతకొస్తది. చుట్టూ పచ్చగుండంగ మీ మడే పండితె పిట్టలు, ఎలుకలు దానిమీదనే వడుతయి. పక్క మడి పడావు ఉంటె ఇంకా ఎక్కువ, బొక్కలన్నీ ఆ గట్లల్లనే ఉంటయి. దాని ఆసామి దుబాయిల ఉన్నా సరే, ఫోన్ జేసి అడిగి ఆ గట్టు గడ్డి మీరే చెక్కించుండ్రి.