బోరు నీళ్ల అక్వేరియంలో మొక్కలకు సొంత ఎరువు: మన సీమ వాళ్లు ఏం కలుపుతున్నారు?

అనంత_గప్పీ:
అందరికీ నమస్తే. మాది అనంతపురం టౌన్. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి. వాలిస్నేరియా, హైగ్రోఫిలా, కొంచెం రోటలా ఉన్నాయి. మొక్కల కోసం సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ పెట్టలేదు. ఆన్‌లైన్లో కొనే ఎరువు సీసా చూస్తుండగానే అయిపోతోంది, రేటు చూస్తే చేపల కంటే ఎక్కువ. చీనీ (బత్తాయి) తోటలకు డ్రిప్పులో వదిలే ఎరువులతోనే ఇంట్లో చేసుకోవచ్చని విన్నాను. ఏవి కొనాలి, ఎంత కలపాలి? నీళ్లు బోరువే, టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు) 900 దాటుతుంది. ఇప్పుడు పాత ఆకులకు సూదితో పొడిచినట్టు చిల్లులు పడుతున్నాయి. కొత్త ఆకులేమో పాలిపోయి వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి.

డ్రిప్పు_చీనీ:
అంగడికి పోయి మూడు నంబర్లు అడుగు తమ్ముడూ. వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలవి. 13-0-45 అంటే పొటాషియం నైట్రేట్. 0-52-34 అంటే మోనో పొటాషియం ఫాస్ఫేట్. 0-0-50 అంటే పొటాషియం సల్ఫేట్. మన జిల్లాలో దానిమ్మ, చీనీ, అరటి పెట్టినోళ్లందరూ వాడేవే కాబట్టి ఏ ఎరువుల అంగడిలోనైనా కేజీ ప్యాకెట్లు దొరుకుతాయి.
19-19-19 మాత్రం చౌకగా ఉంది కదా అని తేవద్దు. అందులో నత్రజని ఎక్కువ భాగం యూరియా, అమ్మోనియా రూపంలో ఉంటుంది. మన బోరు నీళ్ల పీహెచ్ 8 దగ్గర ఉంటే ఆ అమ్మోనియాలో విషమయ్యే వాటా పెరుగుతుంది, చేపలు తట్టుకోలేవు. డీఏపీ కూడా అంతే.

కేసీ_కాలువ_గట్టు:
కర్నూలు నుంచి. పైన చెప్పిన నంబర్లలో ఒక మెలిక ఉంది, లెక్క చాలామందికి అక్కడే తప్పుతుంది. ప్యాకెట్ మీద 45 అని ఉంటే అది పొటాషియం కాదు, పొటాషియం ఆక్సైడ్ లెక్క. 0.83తో గుణిస్తే అసలు పొటాషియం 37 శాతం వస్తుంది. 13 శాతం నత్రజనిని 4.43తో గుణిస్తే నైట్రేట్ సుమారు 58 శాతం.
తర్వాత తొట్టి నీళ్లు. సెంటీమీటర్లలో కొలిచి గుణించి వెయ్యితో భాగిస్తే నీది 55 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 45 అనుకో.
అర లీటరు ఆర్వో నీళ్లలో 60 గ్రాముల 13-0-45 కలుపు. కరిగేటప్పుడు సీసా చల్లబడుతుంది, కంగారు పడొద్దు, దాని గుణమే అంత. ఈ ద్రావణం 5 మిల్లీలీటర్లు 45 లీటర్లలో పోస్తే నైట్రేట్ 8 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర, పొటాషియం 5 దగ్గర పెరుగుతాయి. ఇంకో అర లీటరులో 0-52-34 ఐదు గ్రాములు చాలు. అందులో 5 మిల్లీలీటర్లకు ఫాస్ఫేట్ ముప్పావు పీపీఎం వస్తుంది. సీఓటూ లేని తొట్టికి వారానికి ఒకసారి సరిపోతుంది.
చెంచాలతో కొలవకు. నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో.

నాపరాయి_కడప:
కేసీ అన్న లెక్క సరైనదే. కానీ దాన్ని అలాగే పోసేముందు ఆ బోరు నీళ్లలో ఇప్పటికే ఏముందో చూడాలి కదప్పా! తాగునీటిలో నైట్రేట్‌కు మన దేశంలో పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. సీమలో చాలా బోర్లలో అంతకంటే ఎక్కువే వస్తుంది. మొక్కల అక్వేరియం నిపుణుడు టామ్ బార్ చెప్పిన ఎస్టిమేటివ్ ఇండెక్స్ పద్ధతిలో, అంటే ఎరువు కాస్త ఎక్కువే వేసి వారానికోసారి సగం నీళ్లు మార్చేయడంలో, గట్టి లైటు, సీఓటూ ఉన్న తొట్టికి కూడా నైట్రేట్ 30 దాటనక్కర్లేదు. నీళ్లు మార్చినప్పుడల్లా బోరే నీకు నైట్రేట్ వేస్తుంటే 13-0-45 దేనికి?
ఒక టెస్ట్ కిట్‌తో బోరు నీళ్లు, తొట్టి నీళ్లు విడివిడిగా చూడు. నైట్రేట్ ఉంటే మొదటి సీసా పక్కన పెట్టి 0-0-50 చెయ్యి. అర లీటరుకు 50 గ్రాములు వేసి, 5 మిల్లీలీటర్లు పోస్తే పొటాషియం నాలుగున్నర పీపీఎం. అది తొందరగా కరగదు, గోరువెచ్చని నీళ్లు పోసి ఓపిగ్గా ఊపాలి. పాత ఆకుల చిల్లులకు మందు అదే. పడిన చిల్లులు పూడవు, కొత్తగా వచ్చే ఆకులను చూసుకో.
నీళ్ల గట్టిదనం పెంచడానికి జీహెచ్ బూస్టర్ అని కాల్షియం, మెగ్నీషియం కలిపి అమ్ముతారు. ఎక్కడో మెత్తటి నీళ్లున్న ఊళ్లవాళ్లకు పనికొస్తుందేమో, మనకు దండగ.

అనంత_గప్పీ:
థాంక్స్ అన్నా. మరి పాలిపోయిన కొత్త ఆకుల సంగతి? ఐరన్ లోపమేనా? మా నాన్న చెట్లకు కొట్టే అన్నభేది ఇంట్లో ఉంది, అది వేయొచ్చా?

డ్రిప్పు_చీనీ:
వద్దు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. నీ నీళ్లలో పడ్డాక కాసేపటికే తుప్పుగా మారి అడుక్కి పోతుంది. మా చీనీ చెట్లకూ ఇదే తంటా. సున్నం ఉన్న నేలలో ఐరన్ ఉన్నా వేరుకు అందదు, కొత్త ఆకు పసుపుగా, ఈనె పచ్చగా వస్తుంది. నీ రోటలాకు వచ్చిందీ అదే. చిలేటెడ్ ఐరన్, అంటే తుప్పుగా మారకుండా వేరే పదార్థంతో పట్టి ఉంచిన ఐరన్ కావాలి. అంగట్లో మామూలుగా ఇచ్చే 12 శాతం ఈడీటీఏ రకం పీహెచ్ 7 దాటితే నిలవదు. 6 శాతం ఈడీడీహెచ్‌ఏ అని అడుగు, సున్నపు నేలలకు మేము వాడేది అదే.

రొయ్యలపిచ్చి:
ఈడీడీహెచ్‌ఏ నీళ్లను ఎర్రగా చేస్తుంది, ముందే చెబుతున్నా. ఫొటోలు తీసేవాళ్లకు నచ్చదు. డీటీపీఏ రకం 7.5 వరకు ఆగుతుంది, రంగు గొడవ తక్కువ, కానీ మన ఊరి అంగళ్లలో నాకు కనిపించలేదు, ఆన్‌లైనే. 11 శాతం డీటీపీఏ అయితే అర లీటరుకు 5 గ్రాములు వేస్తే, 5 మిల్లీలీటర్లకు 0.12 పీపీఎం.
ఐరన్‌ను, ఫాస్ఫేట్‌ను ఒకే సీసాలో కలపొద్దు, గడ్డకట్టి అడుగున కూర్చుంటుంది. తొట్టిలో కూడా ఒక రోజు అది, ఇంకో రోజు ఇది. ఐరన్ సీసాకు వెలుతురు తగలకూడదు, అందులో చిటికెడు విటమిన్ సి, పొటాషియం సోర్బేట్ వేస్తే బూజు పట్టదు.
మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) జోలికి మాత్రం ఎవరూ పోవద్దు, ప్లీజ్. రొయ్యలు, నత్తలు మిగలవు.

ఎర్రమట్టి_ఆదోని:
ఇంత కెమిస్ట్రీ అక్కర్లేదని నా అభిప్రాయం. గులకరాళ్ల కింద వేలెడు మందాన ఎర్రమట్టి పరిచాను. దాంట్లో ఐరన్ ఉంది, గాలి ఆడని అడుగున అది వేర్లకు అందుతుంది. చేపల మేత, రెట్టలతోనే వాలిస్నేరియా గడ్డిలా అల్లుకుపోయింది. నల్లరేగడి మాత్రం వద్దు, ఉబ్బి బురదవుతుంది, సున్నం కూడా ఉంటుంది.
ఇంకో డౌట్, జీవామృతం వడగట్టి చుక్కలు చుక్కలుగా వేస్తే?

కేసీ_కాలువ_గట్టు:
ఎర్రమట్టికి ఓటేస్తా, జీవామృతానికి వేయను. పేడ, మూత్రం, బెల్లం తొట్టిలోకి పోతే ఒకవైపు అమ్మోనియా, ఇంకోవైపు బ్యాక్టీరియా ఆక్సిజన్ తాగేస్తుంది. తెల్లారేసరికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. పొలానికి మంచిదే, గాజు పెట్టెకు కాదు.
అందరూ మరిచిపోయేది ఒకటి. మే నెలలో మన ఎండకు తొట్టి నీళ్లు వేగంగా ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు కావు. తగ్గినంతా బోరు నీళ్లతో నింపుతూ పోతే టీడీఎస్ ఎక్కుతూనే ఉంటుంది. ఆవిరైనదాన్ని ఆర్వో నీళ్లతో నింపండి. మార్చేటప్పుడు బోరు, ఆర్వో సగం సగం కలిపితే గట్టిదనం సగానికి దిగుతుంది, బోరు నైట్రేట్ కూడా అంతే.

నాపరాయి_కడప:
అలంకారానికి నాపరాళ్లు పెట్టుకున్నవాళ్లు ఒకసారి వాటి మీద వెనిగర్ చుక్క వేసి చూడండి. నురగ వస్తే అది సున్నపురాయి, ఆర్వో నీళ్లు పోసినా మెల్లగా మళ్లీ గట్టిపరుస్తుంది. వాలిస్నేరియాకు ఫరవాలేదు, రోటలాకు ఇబ్బంది. గప్పీలకైతే గట్టి నీళ్లే ఇష్టం.

అనంత_గప్పీ:
టెస్ట్ చేశాను. బోరులో నైట్రేట్ రంగు 40 గడికి దగ్గరగా వచ్చింది, తొట్టిలో కూడా అంతే. కాబట్టి 13-0-45 కొనడం లేదు. 0-0-50, ఈడీడీహెచ్‌ఏ తెచ్చుకుంటాను, నీళ్లు మార్చేటప్పుడు సగం ఆర్వో. ఫాస్ఫేట్ అవసరమా?

రొయ్యలపిచ్చి:
తొట్టి అద్దం మీద గోకినా రాని పచ్చ చుక్కలు వస్తుంటే ఫాస్ఫేట్ తక్కువైందని చాలామంది అనుభవం. లేకపోతే మేతలో వచ్చేది చాలు, ఇప్పుడే వద్దు.

డ్రిప్పు_చీనీ:
0-0-50 కేజీ ప్యాకెట్ నీకు ఏళ్ల తరబడి వస్తుంది, వానాకాలంలో గాలి తగిలితే గడ్డ కడుతుంది కూడా. నా దగ్గర విప్పిన బస్తా ఉంది, పావు కేజీ ఇస్తాను. ధర్మవరం వైపు వస్తే మూత గట్టిగా బిగిసే డబ్బా తెచ్చుకో.