చారిత్రకమా, చరిత్రాత్మకమా? ‘చరిత్ర’ అనే మాట మీద చర్చ

ఈమధ్య చదివిన నవలల గురించీ చరిత్ర పుస్తకాల గురించీ మన బృందం సభ్యులు రాస్తున్న అభిప్రాయాలు వారం రోజులుగా వరసగా చదువుతున్నాను. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “ఇది చారిత్రాత్మక నవల. చరిత్ర పుస్తకంలా బోరు కొట్టలేదు, ఏకబిగిన చదివించింది.” రాసినవారు మనసారా మెచ్చుకుంటూ రాశారు. వారిని తప్పుపట్టడానికి ఈ చర్చ మొదలుపెట్టడం లేదు. ఆ చిన్న వాక్యంలో రెండు సంగతులు నన్ను ఎప్పటినుంచో పట్టి ఉంచినవే. ఒకటి ‘చారిత్రాత్మక’ అనే రూపం, రెండోది ‘చరిత్ర పుస్తకంలా’ అనే పోలిక.

ముందు రూపం సంగతి. చరిత్ర, ఆత్మక కలిస్తే సవర్ణదీర్ఘ సంధి వల్ల ‘చరిత్రాత్మక’ అవుతుంది. మొదటి అక్షరానికి దీర్ఘం రావాల్సిన పనిలేదు. అక్కడ మార్పు వచ్చేది ‘ఇక’ ప్రత్యయం చేరినప్పుడు: పురాణం – పౌరాణికం, ఇతిహాసం – ఐతిహాసికం, సమాజం – సామాజికం. ఆ లెక్కన చరిత్రకు ‘చారిత్రికం’ రావాలి. కానీ తెలుగులో ‘చారిత్రకం’ అనే రూపమే బాగా స్థిరపడింది, నేనూ అదే రాస్తాను. ‘చారిత్రాత్మక’లో ఈ రెండు పద్ధతులూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. సంస్కృతంలో ‘చారిత్రం’ అని నడవడికకు ఒక మాట ఉంది. దాన్ని పట్టుకుని ఈ రూపాన్ని నిలబెట్టాలని చూస్తే అర్థం ‘నడవడికకు చెందిన’ అని అవుతుంది. మనం చెప్పదలచుకున్నది అది కాదు కదా.

రూపం కంటే నాకు అర్థం ముఖ్యం. చారిత్రకం అంటే గతానికి సంబంధించినది. చరిత్రాత్మకం అంటే చరిత్రలో నిలిచేంత పెద్దది. వెయ్యేళ్ళనాటి నాణెం చారిత్రక ఆధారం. నిన్న వెలువడిన ఒక తీర్పు చరిత్రాత్మకం కావచ్చు. ఈ తేడా పుస్తకాల దగ్గర ఎంత పనికొస్తుందో కందుకూరి వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్రము’ చూస్తే తెలుస్తుంది. 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో మొదలై 1880లో పుస్తకంగా వచ్చింది. పేరులోనే ‘చరిత్రము’ ఉంది. లోపల ఉన్నది ధవళేశ్వరంలో ఒక కుటుంబం ఆస్తి పోగొట్టుకుని, ఊరు విడిచి, నానా కష్టాలూ పడి మళ్ళీ నిలదొక్కుకున్న కథ. దాన్ని చారిత్రక నవల అనలేం. తెలుగు నవలకు దారి వేసింది కాబట్టి చరిత్రాత్మక నవల అనక తప్పదు. ఈ రెండు మాటల్నీ కలిపి ముద్ద చేస్తే ఇంత మంచి తేడా చెప్పడానికి మనకు మాట ఉండదు.

అప్పటికి ‘నవల’ అనే పేరు లేదు. వీరేశలింగం గారు తమ రచనను వచన ప్రబంధం అన్నారు. దాన్ని విమర్శిస్తూ కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి గారు ‘నవల’ అన్నారు. కొత్త విశేషాలను గ్రహించేది అని దానికి సంస్కృతంలో వ్యుత్పత్తి చెప్పుకున్నారు. ఇంగ్లీషు మాట చెవిలో మోగుతుండగానే సంస్కృతంతో అర్థం కుదిరింది. పైగా మన పాత కావ్యాల్లో నవల అంటే పడుచు అని అర్థం ఎలాగూ ఉంది. ఇన్ని వైపుల నుంచి తలుపు తెరిచి ఉండబట్టే ఆ మాట అంత సులువుగా మన ఇంట్లోకి వచ్చేసిందని నాకనిపిస్తుంది.

ఇక ‘చరిత్ర’. ఈ మాట పుట్టుక తెలిసిన రోజు నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ‘చర్’ అంటే కదలడం, నడవడం. దానికి ‘ఇత్ర’ చేరింది. పాణిని ఈ ప్రత్యయాన్ని పనిముట్ల పేర్లకు చెప్పాడు. ఖనిత్రం తవ్వే సాధనం, లవిత్రం కోసే కొడవలి, అరిత్రం పడవ నడిపే తెడ్డు. చరిత్రం కూడా ఆ వరసలోదే. ఖనిత్రంతో తవ్వుతాం, మరి చరిత్రంతో ఏం చేస్తాం? నడుస్తాం. అంటే కాలు! ఇది నా ఊహ కాదు. ఋగ్వేదం మొదటి మండలం 116వ సూక్తంలో విశ్పల కథ వస్తుంది. యుద్ధంలో ఆమె కాలు పక్షి రెక్క తెగినట్టు తెగిపోయిందని చెప్పేచోట కాలికి వాడిన మాట ‘చరిత్రం’. అశ్వినీ దేవతలు ఆమెకు ఇనుప కాలు అమర్చారు, ఆమె మళ్ళీ కదిలింది.

కాలు నుంచి నడక, నడక నుంచి నడత, నడత నుంచి ఒక మనిషి చేసిన పనుల కథ. తెలుగులో నడక, నడత, నడవడి వచ్చిన దారి కూడా ఇదే కదా. మనుచరిత్ర, వసుచరిత్ర అన్నప్పుడు చరిత్ర అంటే ఆ ఒక్కరి కథ. ఎవరినైనా ‘చరిత్రహీనుడు’ అంటే ఆ తిట్టులో ఉన్నది నడత. 1910లో చిలుకూరి వీరభద్రరావు గారి ‘ఆంధ్రుల చరిత్రము’ వచ్చేసరికి అదే మాట ఒక జాతి అంతటి నడకను మోస్తోంది. ఒక మనిషి కాలిని చెప్పిన మాట ఇంతమందిని మోసేదాకా పెరిగింది.

అందుకే “చరిత్ర పుస్తకంలా బోరు” అన్న పోలిక దగ్గర నా మనసు కొంచెం నొచ్చుకుంది. మీరేమంటారు?

ఒక సభ్యురాలు:
చాలా బాగుందండీ. తమిళంలో చరిత్రను ‘వరలారు’ అంటారు. వచ్చిన తీరు, వచ్చిన దారి అని చెప్పుకోవచ్చు. అక్కడా దారే, ఇక్కడా కాలే! హిందీలో మాత్రం చరిత్రకు ‘ఇతిహాస్’ వాడతారు. వాళ్ళ ‘చరిత్ర్’ అంటే శీలం, లేదా కథలో పాత్ర. హిందీ నుంచి వచ్చిన అనువాదాలు చదివేటప్పుడు ఇది గమనించాలి. ఒక అనువాదంలో “ఇతిహాసం ఏం చెబుతోందంటే” అని ఉంది. మనకు ఇతిహాసం అంటే రామాయణ భారతాలే కదా. రెండు పేజీల దాకా నేను అలాగే అర్థం చేసుకున్నాను. తీరా చూస్తే ఆ రచయిత మాట్లాడుతున్నది వందేళ్ళ కిందటి రాజకీయాల గురించి.

మొదట రాసినవారు:
మంచి మాట చెప్పారమ్మా. ఇతిహాసం అనే మాటను విడదీస్తే ‘ఇతి హ ఆస’, అంటే ‘ఇలా జరిగింది సుమా’ అని. హిందీవాళ్ళు ఆ అర్థాన్ని చరిత్ర మొత్తానికి తీసుకున్నారు. మనం రెండు మహాకావ్యాలకు ఉంచుకున్నాం. అనువాదకులు ఇలాంటి చోట మాట ఒకటే కదా అని దాటేయకూడదు.

మరొకరు:
గౌరవంతోనే విభేదిస్తున్నాను సార్. పేపర్లలో, టీవీలో, ఉపన్యాసాల్లో ‘చారిత్రాత్మక’ అనే వింటున్నాం. జనం నోట నలిగిందే భాష. ‘చారిత్రికం’ కావలసింది ‘చారిత్రకం’ అయితే మీరు ఒప్పుకున్నారు. మరి దీన్ని ఎందుకు ఒప్పుకోరు?

మొదట రాసినవారు:
న్యాయమైన ప్రశ్న. సూటిగానే జవాబిస్తాను. ‘చారిత్రకం’ వల్ల అర్థానికి నష్టం రాలేదు, పలకడం తేలికైంది, అంతే. ‘చారిత్రాత్మక’ను మాత్రం ఒకరు ‘గతానికి చెందిన’ అనీ, ఇంకొకరు ‘చాలా గొప్ప’ అనీ వాడుతున్నారు. “చారిత్రాత్మక నవల” అంటే కాకతీయుల కాలం మీద రాసినదా, ఒక పెద్ద మలుపు తెచ్చినదా? చదివేవారికి తెలియదు. పుస్తకం చదవాలో వద్దో ఆ ఒక్క మాటను బట్టి తేల్చుకునేవాళ్ళుంటారు. జనం వాడుకకు నేను ఎదురు కాదు. రెండు పనులు చేసే రెండు మాటలు చేతిలో ఉండగా ఒకదాన్ని పోగొట్టుకోవడం బాధగా ఉంటుంది.

ఇంకొక సభ్యురాలు:
నాది వ్యాకరణం సంగతి కాదండీ. చారిత్రక నవల చదివి, వెంటనే అదే కాలం మీద చరిత్ర పుస్తకం తీస్తే నాకు టెన్షన్ వస్తుంది. నవలలో నేను ప్రేమించిన మనిషి ఇక్కడ ఒక్క పంక్తిలో అయిపోతాడు, లేదా అసలు ఉండడు. దేన్ని నమ్మాలి? నవల అబద్ధమా?

మొదట రాసినవారు:
అమ్మా, మీ ప్రశ్నకు రుద్రమదేవిని తలచుకుని జవాబు చెబుతాను. ఆమె పాలన 1295 ప్రాంతం దాకా సాగిందని చరిత్రకారులు చాలాకాలం రాశారు. తర్వాత చందుపట్ల శాసనం వెలుగులోకి వచ్చింది. అది 1289 నవంబరు నాటిది. పువ్వుల ముమ్మడి అనే ఆయన, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కోసం చేసిన దానాన్ని అందులో చెప్పాడు. అంటే ఆమె అప్పటికే లేరు. ఒక రాయి మాట్లాడితే ఇన్నేళ్ళ లెక్క మారింది. చరిత్ర పుస్తకం వెంటనే తనను తాను దిద్దుకోవాలి, దాని ధర్మం అది.

ఇప్పుడు ఆ శాసనం చెప్పనిది చూడండి. ఆమె ఎలా పోయారో అందులో లేదు. తిరగబడిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో జరిగిన పోరులో అని చరిత్రకారులు ఊహిస్తారు. ఊహ అని చెప్పి మరీ ఊహిస్తారు, అక్కడే ఆగుతారు. ఆ రాత్రి శిబిరంలో ఎవరేం మాట్లాడుకున్నారు, అంత వయసులో ఆమె గుర్రమెక్కుతుంటే పక్కనున్నవాళ్ళు ఏమనుకున్నారు, ఆ కబురు మోసుకుని ముమ్మడి ఎలా తిరిగొచ్చాడు, ఇవేవీ రాతి మీద లేవు. నవలాకారుడు అడుగుపెట్టేది ఈ ఖాళీలోకే. అక్కడ అతను రాసింది అబద్ధమని నేననను. శాసనం ఉన్నచోట దాన్ని కాదని రాస్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

ఆ కాలంలో బతికినవాళ్ళ మాటైనా పరీక్షకు నిలవాల్సిందే. ఇటలీ యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రేవు వైపు రాజ్యం గురించి చెబుతూ రాజు పోయాక ఆయన రాణి ఏలుతోందన్నాడు. రుద్రమ గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. మన శాసనాలు ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అని మగవాడి పేరుతోనే పిలిచాయి. కాబట్టి చరిత్ర పుస్తకం చేతిలో ఉన్నప్పుడు “ఇది మీకెలా తెలుసు?” అని అడగండి. నవల చేతిలో ఉన్నప్పుడు “ఆ పరిస్థితిలో మనిషి ఇలా చేస్తాడా?” అని అడగండి. ఒకదాన్ని అడగాల్సిన ప్రశ్న రెండోదాన్ని అడిగితే ఇద్దరికీ అన్యాయం.

మరొకరు:
ఇంకొక ఉదాహరణ కలుపుతాను. సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) చూడండి. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్న సంగతులు ఆయన చాలావరకు కావ్యాల్లోంచే ఏరారు. కవి వర్ణన కోసం రాసిన పద్యం ఆయన చేతిలో సాక్ష్యమైంది. అంటే కల్పన కూడా తెలియకుండానే చరిత్రను దాచిపెడుతుంది. ఇవాళ మనం చదువుతున్న మామూలు సాంఘిక నవలల్లోంచి కూడా రేపు ఎవరో ఒకరు మన రోజులను ఏరుకుంటారు.

మొదట రాసినవారు:
ఈ మాట నాకు తోచలేదు. నిజంగా కృతజ్ఞతలండీ. ఆ పుస్తకం చదువుతుంటే నాకు ఎక్కడా విసుగు రాలేదు. కొందరు దాన్ని “నవలలా చదివించింది” అని మెచ్చుకుంటారు. ఆ మెప్పు చాలదనిపిస్తుంది నాకు. నవలలో తర్వాత ఏం జరుగుతుందోనన్న ఆత్రం మనల్ని లాగుతుంది. ఇక్కడ లాగేది వేరు. మనం రోజూ వాడే మాట వెనక, ఆడే ఆట వెనక ఎవరున్నారో తెలుస్తున్న సంతోషం అది. ‘చదివించే గుణం’ రెండు రకాల పుస్తకాలకూ ఉంటుంది, కాకపోతే దానికి కారణం ఒకటే కాదు. చరిత్ర పుస్తకాన్ని మెచ్చుకోవడానికి నవల పేరు అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఒక సభ్యుడు:
మీరు మొదట ప్రస్తావించిన వాక్యం రాసింది నేనేనండీ. చదువుతూ ముందు కొంచెం ఇబ్బంది పడ్డాను, తర్వాత ఆసక్తి పెరిగింది. బడిలో తేదీలు బట్టీ పట్టించిన పుస్తకాలే నా మనసులో ఉండిపోయాయి, అందుకే ఆ పోలిక అలా వచ్చేసింది. ఆ నవల మళ్ళీ తీసి చూశాను. చివర రచయిత్రి ఏ పాత్ర శాసనాల్లో ఉందో, ఏది తన కల్పనో రెండు పేజీల్లో విడిగా చెప్పారు. మొదటిసారి ఆ పేజీలు తిప్పేశాను. ఈసారి చదివాక, నేను ఎక్కువ ఇష్టపడ్డ పాత్ర కల్పితమని తెలిసింది. అయినా ఇష్టం తగ్గలేదు. నా అభిప్రాయాన్ని ఇలా మార్చి రాసుకున్నాను: “ఇది చారిత్రక నవల. ఆధారం ఉన్నచోట దానికి కట్టుబడింది, లేనిచోట మనుషుల్ని బతికించింది. చదవడం అయ్యాక ఆ కాలం మీద చరిత్ర పుస్తకం కోసం వెతుకుతున్నాను.” ఎవరికైనా తెలిస్తే మంచిది ఒకటి చెప్పండి.