బరువు తగ్గి ఏడాది దాటినా ఆకలి ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న:
ఏడాది క్రితం నేను పన్నెండు కిలోలు తగ్గాను. ఇదివరకు కడుపు నింపిన భోజనమే ఇప్పుడు చాలడం లేదు, తిన్న గంటకే మళ్ళీ ఆకలి వేస్తోంది. కొవ్వు నుంచి వెలువడే లెప్టిన్ ఆకలిని తగ్గిస్తుందని, జీర్ణాశయంలో పుట్టే గ్రెలిన్ ఆకలిని పెంచుతుందని చదివాను. ఇవి దేనికదే పనిచేస్తాయా, లేక వీటి మధ్య సంబంధం ఏమైనా ఉందా? మనసు గట్టి చేసుకోలేకపోతున్నానేమోనన్న బాధ నన్ను వదలడం లేదు.

మొదటి సమాధానం:
ముందుగా ఆ బాధను వదిలేయండి. ఒక పూట భోజనం ఎక్కడ ఆపాలో పేగుల హార్మోన్లు చెబుతాయి. ఒంట్లో నిల్వ ఎంత ఉందో లెప్టిన్ చెబుతుంది. ఆహారంలోని కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగును చేరగానే విడుదలయ్యే కోలిసిస్టోకైనిన్ అనే పేగు హార్మోన్, పేగులను మెదడుతో కలిపే వేగస్ నాడి ద్వారా మెదడుకు ‘ఇక చాలు’ అనే కబురు పంపుతుంది. ఆ నాడికీ, ఆ కబురు అందుకునే మెదడు భాగానికీ లెప్టిన్ గ్రాహకాలు (దాని కబురును పట్టుకునే అణువులు) ఉన్నాయి. విడిగా ఇస్తే పెద్దగా ఫలితం చూపని మోతాదుల్లో ఈ రెండు హార్మోన్లనూ కలిపి ఇచ్చినప్పుడు ఎలుకలు గణనీయంగా తక్కువ తిన్నాయి. అంటే కొవ్వు కరిగి లెప్టిన్ పడిపోయినప్పుడు పేగు పంపే కబురు మునుపటంత బలంగా వినిపించదు. అదే భోజనం మీకు చాలకపోవడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

2011లో వెలువడిన ఒక అధ్యయనంలో యాభై మంది పది వారాల పాటు చాలా తక్కువ కేలరీల ఆహారం తీసుకుని సగటున 13.5 కిలోలు తగ్గారు. ఏడాది గడిచినా వారిలో లెప్టిన్, కోలిసిస్టోకైనిన్, పెప్టైడ్ వైవై (కడుపు నిండిందని చెప్పే మరో పేగు హార్మోన్) మొదటి స్థాయికి చేరలేదు. గ్రెలిన్ మాత్రం ఎక్కువగానే ఉండిపోయింది, ఆకలి కూడా అలాగే ఉంది.

రెండవ సమాధానం:
అలాగైతే లెప్టిన్‌నే మందుగా తీసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 1994లో దాని జన్యువును కనుగొన్నప్పుడు అందరూ అదే ఆశించారు. పుట్టుకతోనే లెప్టిన్ లేని అరుదైన పిల్లలకు అది నిజంగానే జీవితాన్ని మార్చింది. కానీ స్థూలకాయుల్లో అత్యధికులకు లెప్టిన్ ముందే ఎక్కువగా ఉంటుంది, మెదడు దానికి సరిగా స్పందించదు.

మూడవ సమాధానం:
పేగు హార్మోన్ల వైపు నుంచి వెళ్ళిన దారి ఎక్కువ ఫలించింది. ఆకలిని తగ్గించే సహజమైన పేగు హార్మోన్ జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాలైనా సరిగా నిలవదు; దాన్ని అనుకరించే సెమాగ్లుటైడ్ అనే మందు ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. అయితే దాన్ని ఆపిన ఏడాదిలో, తగ్గిన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు ఒక పెద్ద పరీక్షలో తేలింది కనుక, మొదలుపెట్టే ముందే ఎంతకాలం వాడాల్సి రావచ్చో మీ వైద్యుణ్ణి తప్పక అడగండి.