ఇన్ని రెస్టారెంట్లున్న షెఫ్ అసలు వంట చేస్తారా?

ప్రశ్న: బ్రిటిష్ షెఫ్ గోర్డన్ రామ్సే లాంటి వాళ్లకి అన్ని రెస్టారెంట్లున్నాయి కదా, మరి రోజూ గరిటె పట్టేదెవరు? పేరు ఒకరిది, చెమట ఇంకొకరిదా? నేను లైన్ కుక్‌ని, అంటే కిచెన్‌లో ఒక విభాగంలో వంట చేసేవాణ్ని, అందుకే అడుగుతున్నా.

జవాబు 1: చాలావరకు అంతే, కానీ అందులో మోసమేం లేదు. రామ్సే ముందు మార్కో పియర్ వైట్, ఆల్బెర్ రూ లాంటి వాళ్ల దగ్గర పని నేర్చుకుని, 1998లో లండన్‌లో సొంత రెస్టారెంట్ తెరిచాడు, 2001కల్లా మూడు మిషెలిన్ స్టార్లు (మిషెలిన్ గైడ్ రెస్టారెంట్లకిచ్చే రేటింగ్, మూడే గరిష్ఠం) వచ్చాయి. తర్వాత ఆ కిచెన్‌ని ఏళ్లపాటు నడిపింది క్లేర్ స్మిత్. స్టార్లు ఎక్కడికీ పోలేదు! ఆవిడ 2017లో సొంతంగా కోర్ అనే రెస్టారెంట్ పెట్టుకున్నారు.

జవాబు 2: ఒక రెస్టారెంట్ నుంచి రెండుకి వెళ్లడమే నరకం బ్రో. మొదటిదాంట్లో ఉప్పు నువ్వే సరిచూస్తావు, రెండోది తెరిచాక మాత్రం నీ నాలుక కాగితం మీదికి రావాలి, అంటే గ్రాముల్లో రెసిపీ, ఫుడ్ కాస్ట్ లెక్క, నువ్వు లేనప్పుడు కూడా బాగాలేని ప్లేటుని వెనక్కి పంపే హెడ్ షెఫ్. నా రెండోది మూతపడింది అద్దె వల్ల కాదు, హెడ్ షెఫ్ మానేస్తే రెసిపీలన్నీ అతని బుర్రలోనే వెళ్లిపోయాయి.

ప్రశ్న అడిగినవారు: నేనింకా అన్నీ ఉజ్జాయింపుగానే వేస్తున్నా. రేపే త్రాసు కొంటా.