చెన్నైలో అద్దె ఇంటి గోడకు నెమ్ము: రంగు వేయించే ముందు

నెల్లూరు నుంచి కొత్తగా వచ్చి వేళచ్చేరిలో దిగిన సోదరికి,

మీరు పంపిన ఫొటో చూశాను. గచ్చు నుంచి రెండడుగుల ఎత్తు వరకే రంగు పొక్కిందనీ, వేలితో రాస్తే తెల్లటి పొడి రాలుతోందనీ రాశారు కనుక, అది శ్లాబు నుంచి కారిన నీరు కాకపోవచ్చు. పునాదిలోని చెమ్మను ఇటుక, వత్తి నూనెను పీల్చినట్లు పైకి పీల్చుకుంటుంది. ఆ నీరు ఆరిపోయినా, అందులో కరిగి వచ్చిన ఉప్పు గోడలోనే మిగిలి పూతను లోపలి నుంచి నెడుతుంది. పళ్లికరణై చిత్తడి నేల పక్కనే ఉన్న మీ ప్రాంతంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడే రోజుల్లో, ఇది కింది అంతస్తుల వారందరికీ పరిచయమైన బాధే.

అయితే ఆ గోడకు అవతల స్నానాల గది ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, గోడలో పూడ్చిన పైపు కూడా సరిగ్గా ఇలాంటి మరకనే పెడుతుంది. మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. ఎండలు కాస్తున్నా గీత దాటి పాకితే పైపునే అనుమానించాలి. గదిలో బట్టలు ఆరేసే అలవాటు ఉంటే మరో పరీక్ష కూడా చేయండి: జానెడు పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి, రెండు రోజుల తర్వాత చూడండి. గోడ వైపు చెమర్చితే నీరు గోడలోనిది, బయటి వైపు చెమర్చితే గది గాలిలోనిది.

కారణం తేలకుండా రంగు మాత్రం వేయించవద్దు. 2015 డిసెంబరు వరద తర్వాత మేము నెల తిరగకుండానే పుట్టీ పెట్టించి రంగు వేయిస్తే, వేసవి వచ్చేసరికి అది అప్పడంలా పొంగి ఊడిపోయింది.

ఈ జవాబుకు మన గ్రూపులోని మరొక సభ్యుని చేర్పు:

ఆ గోడకు స్విచ్చుబోర్డు ఉంటే, తడి ఆరేవరకు దానిని వాడకండి, ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఖర్చు విషయానికి వస్తే, ఒప్పందంలో వేరుగా రాసుకోనంతవరకు, గోడలు, పైపుల వంటి మరమ్మతులను తమిళనాడు 2017 నాటి అద్దె చట్టం యజమాని బాధ్యతగానే పెట్టింది. అడ్వాన్సులో పెయింటింగు పేరిట కోత పడకుండా, తేదీ వేసిన ఆ గీతను ఫొటో తీసి ఇప్పుడే యజమానికి వాట్సాప్‌లో పంపండి. మేస్త్రితో మాట్లాడేటప్పుడు నెమ్ము అంటే అర్థం కాదు, ఇక్కడ దానిని ఓదం అంటారు.