సమస్యాపూరణం: బిచ్చమెత్తె రాజు పీఠమెక్కి

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఇదీ:

*బిచ్చమెత్తె రాజు పీఠమెక్కి*

మన దేశపు రాజుల చరిత్రలోంచే పూరించాలి. ఓట్లడిగే రాజులు వద్దు. పోయినసారి ఆ దారిలో వెళ్లి మూడు రోజులు తిట్టుకున్నారు, గుర్తుంది కదా.

సంతబేరం:
బోణీ నాది.

*కరవు కాటు వేయ కడుపు చేతను పట్టి*
*పన్ను కట్టలేక పల్లె జనము,*
*కునుకు తీయుచుండె కోటలో సుఖముగ,*
*బిచ్చమెత్తె, రాజు పీఠమెక్కి.*

పాతగంటం:
విరుపు బాగుంది. కానీ జనం రెండో పాదంలో, వాళ్లెత్తిన బిచ్చం నాలుగో పాదంలో. రాజు నాలుగో పాదంలో, ఆయన కునుకు మూడో పాదంలో. ఎవరు నిద్రపోయారో, ఎవరు అడుక్కున్నారో తేలేసరికి ఆ కరవే తీరిపోతుంది. ఇంత దూరాన్వయం పనికిరాదు. పైగా ఏ రాజు, ఏ కరవు? నిర్వాహకులు చరిత్ర అడిగారు, సానుభూతి కాదు.

చుక్కలపంతులు:
*పగలు వెలుగు పంచు పద్మబాంధవు కడ*
*కిరణ మొక్కటడిగి కేలు చాచి*
*రాత్రి కొలువు దీర రత్నాంబరమునందు*
*బిచ్చమెత్తె రాజు పీఠమెక్కి.*

రాజమంద్రి కోడలు:
పంతులుగారూ, 'రాజు' అంటే చంద్రుడని కూడా అర్థం ఉంది కదాని, సమస్యలో 'రాజు' కనబడితే చాలు, మీకు చందమామే. మూడో పాదం మాత్రం నిజంగా అందంగా ఉంది, దాని ముందు నాకు నోరు లేవలేదు. కానీ చరిత్ర ఏదండీ?

చుక్కలపంతులు:
చంద్రవంశానికి మూలపురుషుడమ్మా! అంతకంటే పాత రాజు ఎవరున్నారు?

నిర్వాహకుడు:
పద్యం ఉంచుతున్నాను, మార్కులు వేయను.

రాజమంద్రి కోడలు:
*దానమొసగె నంత ధనరాశి నెల్లను*
*హర్షుడా ప్రయాగయందు వేడ్క;*
*చెల్లి యెదుట నిలిచి చినిగిన వలువకై*
*బిచ్చమెత్తె రాజు పీఠమెక్కి.*

643లో ప్రయాగలో హర్షవర్ధనుడు జరిపిన సభ ఇది. ఐదేళ్లకోసారి కూడబెట్టినదంతా పంచిపెట్టేవాడు. చివరికి ఒంటిమీది నగలూ బట్టలూ కూడా ఇచ్చేసి, కట్టుకోవడానికి చెల్లెలు రాజ్యశ్రీని ఒక పాత బట్ట అడిగాడు. చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఆ సభలోనే ఉన్నాడు.

పాతగంటం:
కోడలమ్మా, విషయం బంగారం. మొదటి పాదం మాత్రం ఇత్తడి. 'అంత' అన్నాక 'ఎల్లను' ఎందుకు? గణం నింపుకోవడానికి ఒక మాటను రెండుసార్లు వాడావు. *దాచుకున్న యట్టి ధనరాశి నొసగెను* అని ఉంటే ఐదేళ్ల పొదుపు కూడా వచ్చేది.

ఇక 'ఎల్లను' అనడం అబద్ధం కూడా. గుర్రాలూ, ఏనుగులూ, యుద్ధ సామగ్రీ ఇవ్వలేదు, అవి రాజ్యరక్షణకు అట్టేపెట్టుకున్నాడు. బట్ట కూడా వాడిన మామూలు బట్టే, చినిగిందని ఎక్కడా లేదు. చెల్లెలు అన్నకు చింకిగుడ్డ ఇస్తుందా?

రాజమంద్రి కోడలు:
మామయ్యగారూ, ధనరాశి అన్నాను, గజరాశి అనలేదు. మీ సవరణలో ఆ 'యట్టి' ఏం చేస్తోందో కూడా సెలవివ్వండి. నా 'అంత' వ్యర్థపదమైతే మీ 'యట్టి' ఏ పదం?

'చినిగిన' మీద మీ మాట ఒప్పుకుంటాను. *జీర్ణవస్త్రమునకు* అంటే యతికీ ఇబ్బంది లేదు.

శాసనాల సుబ్బడు:
ఏనుగులు ఎలా ఇస్తాడండీ పాపం! నర్మద దగ్గర చాళుక్యరాజు రెండో పులకేశి చేతిలో కూలినవి చాలవా? 634 నాటి ఐహొళె శాసనంలో పులకేశి ఆస్థానకవి రవికీర్తి, ఏనుగుల దండు కూలిపోతే హర్షుడికి హర్షం కారిపోయిందని శ్లేష కట్టాడు. ఆయన ఇక్కడ సభ్యుడై ఉంటే మనందరం కలాలు మూసుకునేవాళ్లం. ఆ పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడే మన వేంగికి వచ్చింది.

కోడలుగారి పద్యంలో అసలు మెలిక మీరెవరూ పట్టుకోలేదు. హర్షుడిది స్థానేశ్వరం. కన్నౌజు ఎవరిది? రాజ్యశ్రీ భర్త, మౌఖరి వంశపు గ్రహవర్మది. మాళవ రాజు అతణ్ణి చంపి రాజ్యశ్రీని చెరలో పెట్టించాడు. ఆమె వింధ్యాటవికి తప్పించుకుపోయి నిప్పుల్లో దూకబోతుంటే అన్న వెళ్లి ఆపాడని హర్షుడి ఆస్థానకవి బాణుడి కథనం. ఆ తర్వాత కన్నౌజు హర్షుడి రాజధాని అయింది. అంటే ఎవరి అత్తింటి పీఠం ఎక్కాడో ఆ చెల్లెలి ముందే చేయి చాచాడు! సమస్యలో 'పీఠమెక్కి' అన్నది ఇక్కడ ఊరికే పడలేదు.

చుక్కలపంతులు:
ఇది కోడలుగారు అనుకుని రాశారా, సుబ్బడు తవ్వి తీశాడా?

రాజమంద్రి కోడలు:
అనుకునే రాశానని చెప్పుకుంటే మీరు నమ్ముతారా!

పాతగంటం:
నమ్మం. పద్యంలో కన్నౌజు లేదు, గ్రహవర్మ లేడు. వ్యాఖ్యాత గొప్పవాడైతే ఏ పద్యమైనా గొప్పదే.

కొత్తకలం:
పెద్దలకు నమస్కారం. నా మొదటి పూరణ. అశోకుడి గురించిన బౌద్ధగ్రంథం అశోకావదానంలోని కథ ఆధారం.

*అర్ధమామలకము హస్తమందు మిగిలె*
*ఆ యశోకు చేత నన్ని పోయి;*
*బౌద్ధసంఘమునకె దాని నర్పించి తా*
*బిచ్చమెత్తె రాజు పీఠమెక్కి.*

పాతగంటం:
స్వాగతం నాయనా. మూడో పాదంలో 'బౌ'కి 'దా' ఎక్కడి చుట్టం? *పండు నర్పించి తా* అని మార్చు, యతి కుదురుతుంది. ఉసిరికాయను పండు అన్నందుకు ఎవరూ కేసు పెట్టరు. ఆలోచన మాత్రం మా అందరికంటే పదునుగా ఉంది.

రాజమంద్రి కోడలు:
తమ్ముడూ, బాగా ఎన్నుకున్నావు. కానీ కథలో అశోకుడు ఇస్తూనే ఉన్నాడు, అడగలేదు కదా? బంగారు పళ్లెంలో భోజనం పెడితే పళ్లెం కూడా విహారానికి పంపేశాడు. వెండిది పెట్టారు, అదీ పంపాడు. మట్టి మూకుడు దాకా వచ్చి, చివరికి సగం ఉసిరికాయ మిగిలింది. అదీ పంపితే భిక్షువులు నూరి పులుసులో కలిపి అందరికీ వడ్డించారు. ఇక్కడ బిచ్చం ఎవరు ఎత్తినట్టు?

కొత్తకలం:
అక్కా, ఉన్నదంతా పోయి తన పళ్లెంలోకి మంత్రులు ఏది వేస్తే అదే తినడం బిచ్చం కాదా అనుకున్నాను.

సంతబేరం:
బాగుంది సమాధానం! నా పల్లె జనం కంటే మీ రాజులే ఎక్కువ అడుక్కుంటున్నారు.

శాసనాల సుబ్బడు:
అన్నట్టు ఆ కథ అక్కడితో ఆగదు. అశోకుడు నూరు కోట్లు ఇస్తానని మొక్కుకుని తొంభై ఆరు కోట్ల దగ్గర ఆగిపోయాడు. పోయేముందు ఖజానా తప్ప భూమండలమంతా సంఘానికి రాసిచ్చాడు. మంత్రులు మిగిలిన నాలుగు కోట్లు కట్టి భూమిని విడిపించి, మనుమడు సంపదికి పట్టం కట్టారట. తాకట్టు విడిపించుకున్నట్టే.

సరే, నా పూరణ:

*చంద్రగుప్తమౌర్య చక్రవర్తియె కదా*
*శ్రవణబెళగొళాన శ్రమణుడయ్యె!*
*రాచకొలువు వీడి రాతికొండను చేరి*
*బిచ్చమెత్తె రాజు పీఠమెక్కి.*

జైన సంప్రదాయం చెప్పే కథ. ఆయన పేరు మీదే ఆ కొండ చంద్రగిరి అయింది.

చుక్కలపంతులు:
రెండో పాదంలో 'శ్ర' ముందున్న 'న' గురువు కాదా? గణం పోయింది.

పాతగంటం:
పోలేదు పంతులూ. సమాసం కాదు, వేరు వేరు పదాలు. 'న' లఘువే. చందమామ మీంచి చూస్తే అక్షరాలు అంటుకున్నట్టు కనిపిస్తాయి. నా ఇబ్బంది వేరు. కొలువు వీడినవాడు మళ్లీ పీఠమెక్కడమేమిటి?

శాసనాల సుబ్బడు:
రాతిపీఠం సార్, తపస్సుకు.

రాజమంద్రి కోడలు:
ఆ సర్దుబాటు నాకు నచ్చలేదు. కొండెక్కినవాణ్ణి పీఠమెక్కించారు. పోయిన నెల 'కూతురయ్యె రాజు కొడుకు పేర' సమస్యలో మామయ్యగారు ప్రతాపరుద్రుణ్ణి రుద్రమదేవి కొడుకుని చేసినట్టే ఉంది ఇదీ. ముమ్మడమ్మ కొడుకు కదా ఆయన, రుద్రమకు మనుమడు!

పాతగంటం:
దానికి అప్పుడే సమాధానం చెప్పాను. గణపతిదేవుడి మాట మీద రుద్రమ మనుమణ్ణి దత్తు తీసుకుందంటారు. దత్తు వస్తే కొడుకే. తండ్రి కూతుర్ని కొడుకుగా పెంచి 'రుద్రదేవ మహారాజు' అనిపించిన ఇంట్లో మనుమడు కొడుకవడం వింతా?

రాజమంద్రి కోడలు:
అయితే పద్యంలో దత్తు ఉండాలి. ఇందాక నా పద్యంలో గ్రహవర్మ లేడన్నారు, మీ పద్యంలో ముమ్మడమ్మ లేదు. లెక్క సరి.

నిర్వాహకుడు:
ఓరుగల్లు నుంచి ప్రయాగకు తిరిగి రండి బాబూ.

పాతగంటం:
వస్తున్నాను. కోడలమ్మ హర్షుణ్ణి పాతబట్టతో వదిలేసింది. తర్వాత ఏమైందో కూడా హుయాన్‌త్సాంగ్ శిష్యుడు హ్యూలీ రాశాడు. తొలిరోజు బుద్ధుడికి, మర్నాడు సూర్యుడికి, మూడోనాడు శివుడికి పూజలు. తర్వాత పదివేల మంది భిక్షువులకు తలా నూరు బంగారు నాణేలు, ఒక ముత్యం, ఒక నూలుబట్ట. బ్రాహ్మణులకు పంచడానికి ఇరవై రోజులు పట్టింది. పేదలూ అనాథల వంతు చివర వచ్చింది, అదొక నెల. డెబ్బై అయిదు రోజుల్లో అంతా ఊడ్చుకుపోయింది. అప్పుడు వచ్చిన రాజులంతా జనానికి డబ్బిచ్చి ఆ హారాలూ తలమణులూ కొని, తిరిగి హర్షుడికే సమర్పించారు. కొద్ది రోజుల్లో ఆయన మునుపటిలాగే ఉన్నాడు. దానం చేసింది ఆయన, ఖర్చు సామంతులది. అశోకుడి భూమిని మంత్రులు విడిపించారు, ఈయన నగలు సామంతులు విడిపించారు. ఇదిగో:

*ఇచ్చినట్టి సొమ్ము లింటింట వెలపెట్టి*
*తెచ్చిరంట దొరలు తిరిగి పతికి!*
*ఉత్త చేతులన్న దొక్క పూటకు గాద,*
*బిచ్చమెత్తె రాజు పీఠమెక్కి.*

శాసనాల సుబ్బడు:
అబ్బ! ఇప్పుడు ఆ బిచ్చం రాజుగారి దర్జాలా కనిపిస్తోంది. చేయి చాచడం కూడా కొలువులో ఒక వేడుకే అన్నమాట.

కొత్తకలం:
గురువుగారూ, నా యతి దిద్దినందుకు రుణపడ్డాను, ఈ పద్యం దానికి వడ్డీ.

రాజమంద్రి కోడలు:
పద్యం బాగుంది మామయ్యగారూ, మనస్ఫూర్తిగానే అంటున్నాను. కాకపోతే 'ఇచ్చినట్టి'లో మళ్లీ ఆ 'అట్టి'! ఒకే దారంలో రెండు. 'తెచ్చిరంట' అని ఆ 'అంట' ఒకటి. 'ఒక్క పూట' కూడా కాదు, కొద్ది రోజులని ఇప్పుడే మీరే రాశారు.

పాతగంటం:
నీ 'అంత' తీసేశాక నా 'అట్టి' సంగతి చూద్దాం.

నిర్వాహకుడు:
ఈ వారం పీఠం పాతగంటం గారిది. మెలిక మార్కు మాత్రం కోడలుగారికి, సుబ్బడితో సగం పంచుకోవాలి. కొత్త సమస్య ఆదివారం వస్తుంది. అందులో 'రాజు' ఉండదు, పంతులుగారు ముందే సిద్ధపడండి.